అనుమతి గడిలో మామయ్య పేరు

ఆ సాఫ్ట్‌వేర్ అడిగిన మొదటి ప్రశ్న దగ్గరే నేను చిక్కుకుపోయాను. ఈ పని ఎవరిది, అని అడిగింది. మా ఇంట్లో అది అడగకూడని ప్రశ్న. పని ఎవరి కంటపడితే వాళ్లది. ఫోను మోగితే దగ్గరున్నవాళ్లు ఎత్తుతారు, గిరాకీ వస్తే చేతులు ఖాళీగా ఉన్నవాళ్లు లేస్తారు. ఎవరిది అని అడిగారంటే ఇంట్లో ఏదో చెడిందని అర్థం.

మాది రాయచూరు బజారులో బేరింగులు, బెల్టులు, ఆయిల్ సీళ్లు అమ్మే దుకాణం. మోటారు బేరింగు పోయిందని కల్మల నుంచి, ఇడపనూరు నుంచి రైతులు వస్తారు. బెల్టు తెగిందని పిండి గిర్నీలవాళ్లు వస్తారు. కానీ దుకాణం నిలబడింది మాత్రం కృష్ణ ఒడ్డున ఉన్న కరెంటు ప్లాంటు మీద. దాని పొగగొట్టాలు లేస్తున్న రోజుల్లోనే మా మామగారు గాస్కెట్ల కట్ట ఒళ్లో పెట్టుకుని బస్సెక్కి వెళ్లేవారట. అక్కడ బొగ్గు మోసే బెల్టు ఆగిందంటే కాగితాలు రాసుకునే తీరిక ఎవరికీ ఉండదు. ఫోను వస్తుంది, సామాను పోతుంది, కాగితం నెమ్మదిగా వస్తుంది. అలా అర్జంటుగా పిలిచే దుకాణాల జాబితా ఒకటి వాళ్ల దగ్గర ఉంది. అందులో మేముండటమే మా బతుకు. అది పోతే మిగిలేది రైతుల మోటార్లు, అవి కూడా పంట కాలంలోనే.

ఆ ఏడు ప్లాంటు నుంచి కబురు వచ్చింది. జాబితాలో ఉండాలంటే మా పని ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో, ఏ మెట్టు ఎవరిదో అంతా కంప్యూటర్లో బొమ్మగా గీసి చూపించాలి. చూపించడమే కాదు, వాళ్ల మనిషి వచ్చి కూర్చున్నప్పుడు ఒక ఆర్డరును దాని మీద నడిపించాలి. మా ఆయన ఆ కబురు విని నా వైపు చూశాడు. నేను బీకాం చదివాను గనక, ఫోను గబగబా నొక్కుతాను గనక, ఆ రోకలి నా నెత్తిన పడింది. అప్పటిదాకా నేను దుకాణంలో ఉదయం కాసేపు బిల్లులు కొట్టి ఇంటికి పోయేదాన్ని.

సాఫ్ట్‌వేర్ అమ్మినవాడు అరచేతిలో వైకుంఠం చూపించాడు. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి మీ పనంతా బొమ్మలా కనిపిస్తుంది మేడం, అన్నాడు. ఏ రోజు సాయంత్రమో చెప్పలేదు, మహానుభావుడు. తెరిస్తే తెల్లటి ఖాళీ. పక్కన గడులు, బాణాలు. చతురస్రమైతే ఒక పని. వజ్రం ఆకారమైతే ఒక ప్రశ్న, అవునంటే ఇటు, కాదంటే అటు. అడ్డంగా పట్టీలు, ఒక్కో మనిషికి ఒక్కోటి, ఎవరి పని వాళ్ల పట్టీలోనే పడాలి. చెబుతుంటే ఎంత సులువుగా ఉంది! ఒక గడిని కాస్త పక్కకి జరిపితే చాలు, బాణాలన్నీ ఊడిపోయి దిక్కులు చూసేవి. వాటిని తగిలించేసరికి ఇంకో గడి ఎవరి పట్టీలోకో జారిపోయేది. దాచుకోవడం మరిచానంటే అంతా మొదటికి వచ్చేది. నాకసలే కోపం ఎక్కువ. మౌసును బల్లకేసి కొట్టిన రోజులున్నాయి.

వీడియోలు చూశాను. అందులో మాట్లాడేవాడు నేను ఒక బటను వెతికేలోపు నాలుగు బటన్లు నొక్కి, చూశారా ఎంత తేలికో అనేవాడు. వాడి నోరు పడ అనుకున్నాను. పోనీ తయారుగా ఉన్న నమూనా ఒకటి తీసుకుందామని తెరిస్తే, అందులో న్యాయ విభాగమట, నాణ్యతా విభాగమట, ముందు ఆ హోదాలన్నీ పెట్టి తర్వాత వాటిలో మనుషుల్ని కూర్చోబెట్టాలట. మా దుకాణంలో ఉన్నది మా ఆయన, నేను, ఇద్దరు పనివాళ్లు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు నేను ఖాళీ హోదాలకు పేర్లు పెట్టుకుంటూ కూర్చున్నాను.

అసలు తలప్రాణం తోకకొచ్చింది మాత్రం సాఫ్ట్‌వేర్ దగ్గర కాదు, మా ఆయన దగ్గర. ఆర్డరు వచ్చాక ఏం చేస్తారు, చెప్పండి, రాసుకుంటాను అని అడిగితే, ఏం చేస్తామంటే ఏం చెప్పాలి, సామాను ఇస్తాం అన్నాడు. స్టాకులో లేకపోతే అన్నాను. తెప్పిస్తాం. ఎక్కణ్నుంచి? ఎక్కడ దొరికితే అక్కణ్నుంచి. లేదని ప్లాంటువాళ్లకి ఎవరు చెబుతారు? ఎవరు ఫోనెత్తితే వాళ్లు. ఇక లాభం లేదని నేనే రోజంతా దుకాణంలో కూర్చుని ఆయన వెనకాల తిరిగాను. ఫోనులో ఏమన్నాడో, గోదాములోకి ఎప్పుడు వెళ్లాడో, ఆటోవాడికి ఏం చెప్పాడో గడులుగా గీసుకుంటూ పోయాను. పోలీసు లెక్క వెంట పడ్డవేంది అని విసుక్కున్నాడు గానీ, కొన్నాళ్లకు బొమ్మ కుదిరింది. కుదిరిన రోజు నాకు నేనే మైసూర్‌పాక్ తెచ్చుకుని తిన్నాను.

ఒక్క గడి మిగిలింది. బెంగళూరు నుంచి ఫోనులో మాకు ఇది నేర్పుతున్న అమ్మాయి దాని దగ్గరే ఆగి అడిగింది: "కొనెగె యారు హూఁ అంతారె?" చివరికి ఊఁ అనేది ఎవరు? కాగితం లేకుండా సామాను గడప దాటాలంటే ఒక మనిషి సరే అనాలి. ఆ మనిషి పేరు ఇక్కడ రాయాలి.

మా ఆయన ఒక్క క్షణం ఆలోచించలేదు.

"నాయిన పేరు పెట్టు. పెద్దమనిషి ఇంట్ల ఉండంగ ఇంకొకరి పేరు పెడ్తే బాగుంటదా?"

నాకూ అదే సబబనిపించింది. మా వాళ్ల శుభలేఖలు చూడండి. పెళ్లి ఖర్చు ఎవరు పెట్టినా, పరుగులు ఎవరు తీసినా, పైన అచ్చయ్యేది ఇంటి పెద్ద పేరు. ఆ పెద్ద పెళ్లికి రాలేక మంచంలో ఉన్నా సరే, ఆహ్వానించేది ఆయనే. మేము ఆ గడిని శుభలేఖ అనుకున్నాం. ఆయన రోజూ పని చూస్తారు కదా అని ఆ బెంగళూరు అమ్మాయి మళ్లీ అడిగితే, ఓ, చూస్తారు అని ఇద్దరం ఒకేసారి అన్నాం.

చూడటమంటే, మామగారు రోజూ దుకాణానికి వచ్చేవారు. గుండెకు ఒకసారి దెబ్బ తగిలి ఆసుపత్రికి వెళ్లొచ్చాక తాళాలు మా ఆయన దగ్గరే ఉండిపోయాయి. వద్దు అని ఎవరూ అనలేదు, ఇమ్మని ఆయనా అడగలేదు. లోపలి బల్ల దగ్గర్నుంచి ఆయన కుర్చీ గుమ్మం పక్కకు ఎప్పుడు వచ్చిందో కూడా ఎవరికీ గుర్తులేదు. నిజాం కాలం బడిలో ఉర్దూ చదువుకున్న మనిషి, ఉర్దూ పేపరు తెచ్చుకుని కూర్చునేవారు. పాత గిరాకీలు పలకరిస్తే నవ్వేవారు. భోజనం వేళకు ఇంటికి వెళ్లిపోయేవారు. ఆయన్ని చూస్తే నాకు గుండెలో కలుక్కుమనేది. కానీ కోడల్ని, ఏం చెప్పగలను?

ఆ గడిలో పేరు పెట్టాక ఆయన ఫోనులో కూడా ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. నేనే ఎక్కించాను. అర్జంటు ఆర్డరు వస్తే ఫోనులో గంట మోగుతుందని, కింద ఆకుపచ్చది నొక్కితే సామాను పోతుందని, ఎర్రది నొక్కితే ఆగుతుందని చూపించాను. ఆయన కళ్లద్దాలు సరిచేసుకుని ఆ రెండు రంగులనూ చాలాసేపు చూశారు.

"నేను నొక్కకుంటే సామాను పోదా బిడ్డా?"

పోదు మామయ్యా, మీరు సరే అనాల్సిందే అన్నాను. మనిషి ముఖం వెలిగిపోయింది. మరుసటి రోజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, దుకాణం తెరిచే వేళకే వచ్చేశారు.

అక్కడ మొదలైంది మా కష్టం. తనిఖీకి ముందు అన్ని ఆర్డర్లనూ దాని మీదే నడిపి చూడమని ఆ అమ్మాయి చెప్పింది. ఆర్డరు ఎక్కించగానే మామగారి ఫోను గంట మోగేది. ఆయన తీసి చూసేవారు. నొక్కేవారు కాదు. సామాను తెప్పించు, అనేవారు. మా ఆయన గోదాము నుంచి బేరింగు తెచ్చి చేతిలో పెట్టాలి. ఆయన డబ్బా మీది నంబరు చూసి, తిప్పి చూసి, ఇది ఎవరడిగిండ్రు, కాగితం వచ్చిందా, రేపు వస్తదా అని ఒక్కొక్కటీ అడిగి, అప్పుడు ఆకుపచ్చది నొక్కేవారు. ఫోనులో ఉంది కదా నాయినా అంటే వినేవారు కాదు. ఒక్కోసారి ఆయన భోజనానికి వెళ్లి నిద్రపోతే ఆర్డరు పసుపు రంగులో అలాగే వేలాడేది. మా ఆయన పళ్లు కొరుక్కుని సామాను పంపించేసేవాడు, సాఫ్ట్‌వేర్ ఏమో అనుమతి లేకుండా పోయిందని ఎర్రగా చూపించేది. తనిఖీ మనిషికి కనబడేది ఆ ఎరుపే.

ఇంట్లో అన్నం దగ్గర మాటలు ఆగిపోయాయి. ఇంతకాలం ఊరుకున్న మనిషికి ఇప్పుడు పెత్తనం గుర్తొచ్చింది అని మా ఆయన వంటింట్లోకి వచ్చి నా మీద ఎగిరేవాడు. పేరు పెట్టమన్నది ఎవరు అని నేనూ ఎగిరేదాన్ని. పేరు తీసేద్దామా అంటే, పెట్టి తీసేస్తే ముఖం ఎట్లా చూపించాలి అనేవాడు. మింగలేం, కక్కలేం. తనిఖీకి ఇక వారమే ఉంది.

చివరికి మా ఆయనకు ఒక ఉపాయం తోచింది. ఫోను తెరిచే అంకెలు నీకు తెలుసుగా, ఆ రోజు ఆయన ఫోను నీ దగ్గర పెట్టుకో, గంట మోగితే నువ్వే నొక్కు అన్నాడు. ఆయన అక్కడే కూర్చుని ఉంటారు కదా అన్నాను. చార్జింగులో ఉందని చెప్పు, అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అది దొంగసంతకం కాదా అని అడిగాను. జాబితాలోంచి పోతే అప్పుడు నీతులు చెప్దువు గాని అని విసురుగా వెళ్లిపోయాడు. ఆయన మాట తప్పని నేను ఎలా అనగలను? ఇద్దరు పనివాళ్ల ఇళ్లు కూడా ఆ జాబితా మీదే నడుస్తున్నాయి.

తనిఖీ రోజు పొద్దున మామగారు స్నానానికి వెళ్లినప్పుడు మా ఆయన ఆ ఫోను తెచ్చి నా బల్ల సొరుగులో పెట్టాడు. ప్లాంటు స్టోర్సు అధికారి వచ్చి, బల్లకు ఎదురుగా కూర్చుని, నా కంప్యూటర్ తెరను తనకూ కనబడేలా తిప్పించుకున్నాడు. నెమ్మదస్తుడు, కన్నడంలో మెల్లగా మాట్లాడుతున్నాడు. మామగారు గుమ్మం పక్క కుర్చీలోంచి లేచి లోపలికి వచ్చారు. జేబులు తడుముకున్నారు.

"నా ఫోను ఏది బిడ్డా?"

మా ఆయన నా వైపు గుడ్లురిమి చూశాడు. చార్జింగులో ఉంది అన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఆ ఇస్త్రీ చొక్కా చూశాక బయటికి రాలేదు. సొరుగు లాగి ఫోను తీసి ఆయన చేతికిచ్చాను. మా ఆయన ముఖం వైపు మళ్లీ చూసే ధైర్యం చేయలేదు.

అధికారి తన ఫోను నుంచే ఒక ఆర్డరు పంపాడు. బొగ్గు బెల్టు రోలరుకు బేరింగులు, అర్జంటు, కాగితం తర్వాత. తెర మీద మొదటి గడి ఆకుపచ్చ అయింది. స్టాకు చూశాను, ఉందని పెట్టాను, రెండో గడీ ఆకుపచ్చ అయింది. మూడోది పసుపుపచ్చగా మారి, మామగారి ఫోను గంట మోగింది. గడి పక్కన సమయం పరిగెడుతోంది. బొగ్గు బెల్టు నిజంగా ఆగి ఉంటే అని అధికారి లెక్క కట్టేది ఆ సమయాన్నే.

ఆయన ఫోను దగ్గరగా పెట్టుకుని చూశారు. దూరంగా పెట్టి చూశారు. నొక్కలేదు. సామాను తెప్పించు అన్నారు. నాయినా, నొక్కు అన్నాడు మా ఆయన, పళ్ల మధ్యనుంచి. ఆయన కదల్లేదు. అయిపోయింది, ఈ ముసలాయన మొండితనంతో అందరం వీధిన పడ్డాం అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. అధికారి తెర మీద సమయం చూసి, ఇబ్బంది మిషనుదా, మనిషిదా అని కన్నడంలో మర్యాదగానే అడిగాడు.

మామగారు ఫోను బల్ల మీద పెట్టారు.

"సాబ్, నాకు ఇంగ్లీషు రాదు. నంబర్లు ఎరుక, మాటలు చదవరాదు. దీంట్ల ఏం రాసున్నదో ఎరుక లేకుండ ఎట్ల ఒప్పుకోవాలె? చదవకుండ దస్కతు పెట్టినోణ్ని గాను."

బేరింగు నంబర్లు, కంపెనీ గుర్తులు చూడగానే చెప్పే మనిషి గనక ఆయనకు ఇంగ్లీషు వచ్చనే మా ఆయన పుట్టినప్పట్నుంచీ అనుకున్నాడు. నేను కాపురానికి వచ్చినప్పట్నుంచీ అనుకున్నాను. ఆ సామాను తెప్పించడం, తిప్పి చూడటం, కాగితం వచ్చిందా అని అడగటం, అదంతా పెత్తనం కాదు. ఆ తెర తనను ఏమడుగుతోందో మా నోటితో చెప్పించుకోవడానికి ఆయన పడిన పాట్లు. నాకు సిగ్గుతో తల వాలిపోయింది, వెంటనే ఆయన మీద కోపం కూడా వచ్చింది. ఒక్క మాట నాతో అంటే ఏం పోయింది? అప్పటికప్పుడు భాష మార్చే చోటు తెరిచి వెతికాను. దూరదేశాల భాషలన్నీ ఉన్నాయి. తెలుగు లేదు, కన్నడం లేదు, ఉర్దూ లేదు.

అధికారి మామగారినే అడిగాడు, దీన్ని చదవగలిగి, రోజంతా దుకాణంలోనే ఉండే మనిషి ఎవరని. మా ఆయన గొంతు సవరించుకున్నాడు. కానీ ఆయన రోజులో సగం ఆటోలోనో, గోదాములోనో, ప్లాంటు గేటు దగ్గరో ఉంటాడు, అది మా అందరికీ తెలుసు.

"మా కోడలు" అన్నారు మామగారు. "ఆమె పేరు పెట్టుండ్రి."

అయితే ఇప్పుడే మార్చి మళ్లీ నడపండి అన్నాడు అధికారి. మార్చడం నాకు ఎంతసేపు? అన్నాళ్లు నన్ను ఏడిపించిన ఆ గడులు ఇప్పుడు చెప్పిన మాట వింటున్నాయి. అనుమతి గడి మీద నొక్కాను. మామగారి పేరు వచ్చింది. దాన్ని ఒక్కొక్క అక్షరం వెనక్కి చెరుపుతుంటే ఆయన నా భుజం వెనకాల నిలబడి చూస్తున్నారు. నా పేరు రాశాను. మా ఇంట్లో ఏ శుభలేఖ మీదా నా పేరు ఒక్కటే అచ్చయింది లేదు.

అధికారి మళ్లీ అదే ఆర్డరు పంపాడు. ఈసారి గంట నా ఫోనులో మోగింది. చదివాను, ఆకుపచ్చది నొక్కాను. గడులన్నీ చివరిదాకా ఆకుపచ్చ అయ్యాయి. అధికారి తలూపి, ఏదో రాసుకుని, జాబితా గురించి దిగులు పడకండి అని చెప్పి, టీ తాగి వెళ్లిపోయాడు. మా ఆయన అధికారిని జీపు దాకా సాగనంపడానికి వెళ్లాడు. నాకు ఏడుపు వచ్చేంత ఊరట కలిగింది.

తిరిగి చూస్తే మామగారు ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు, ఫోను చేతిలో పట్టుకుని. అది నా ముందు పెట్టారు.

"ఇది నా ఫోన్ల కెల్లి తీసెయ్యి బిడ్డా. ఉంటే ఊకె చూస్కుంట కూసుంట."

ఉండనీయండి మామయ్యా అన్నాను. వద్దన్నట్టు చెయ్యి ఊపారు. ఆయన ఫోనులో ఆ సాఫ్ట్‌వేర్ గుర్తు మీద వేలు పెట్టి పట్టుకున్నాను. తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం, కింద రెండు బటన్లు వచ్చాయి. ఆయన వంగి చూశారు.

"ఏమంటున్నది?"

"నిజంగ తీసెయ్యాల్నా అని మిమ్మల్ని అడుగుతున్నది మామయ్యా."

ఆయన కొంచెం నవ్వారు.

"దుకాణంల నా కుర్సీ జరిపినప్పుడు గీ మాత్రం ఎవరు అడగలే. తీసెయ్యమను."

నేను నొక్కాను.